కొరికిన కాయ

కొడుకు ఎల్లేశ్ తిని లేచాక పెద్దమ్మ సద్దిగిన్నె కడిగి గేటు గది అరుగు మీద బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ జామచెట్ల వైపు నడిచింది. పండిన కాయ జోలికి ఆమె పోదు. పచ్చిదీ ముట్టదు. బొటనవేలితో నొక్కితే లొంగీ లొంగనట్టుండే దోరకాయ ఒకటి చూసి, పిట్టలు కొట్టకుండా కాయకు చుట్టిన కాగితం విప్పి మడిచి రొండిన పెట్టుకుని, కాయను తొడిమెతో తెంపి, ముందరి పళ్లతో కొరికింది. ఆ చప్పుడు వరండా దాకా వినపడింది.

వరండాలో పడక్కుర్చీ మీద కూర్చున్న సాంబశివరావు పేపరు దించి చూశాడు.

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కనున్న ఆ రెండెకరాల తోట ఇప్పుడు ఆయనది. కొడుకు గచ్చిబౌలిలో కంప్యూటరు కంపెనీలో పనిచేస్తాడు. డబ్బు కొడుకుది, తోట మీద మోజు తండ్రిది. శుక్రవారం సాయంత్రం భార్య బాలసరస్వతినీ, ఏడేళ్ల మనవరాలు అన్వితనీ వెంటబెట్టుకుని వస్తాడు. ఆదివారం పొద్దుగూకే లోపల వెళ్లిపోతాడు. తక్కిన రోజులు గేటు తాళంచెవి కావలి ఉండే ఎల్లేశ్ మొలతాడుకే ఉంటుంది. మూడేళ్ల కిందట అమ్ముకునే దాకా ఆ భూమి ఎల్లేశ్ వాళ్లదే కనుక, ఏ చెట్టు కాయ ఎప్పుడు దోరకొస్తుందో పెద్దమ్మకు చూడకుండానే తెలుసు. అన్నం తిన్నాక ఒక కాయ తినడానికి ఆమెకు సారు మొదట్లోనే అనుమతి ఇచ్చాడు. "ఒక్క కాయకేముందయ్యా, తిననీ" అన్నాడు.

"ఏమ్మా, ఇటు రా ఒకసారి" అని పిలిచాడు ఇప్పుడు.

పెద్దమ్మ నములుతూనే మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీకెన్నేళ్లు?"

"ఎవలు రాసి పెట్టిండ్రు సారు. రజాకార్ల గడబిడల పాకుతున్ననంట."

"అంటే అరవై. పళ్లన్నీ నీవేనా?"

"నావి గాక ఎవలియి? కిరాయికి తెచ్చుకుంటనా?"

ఎల్లేశ్ గేటు దగ్గర నవ్వాపుకున్నాడు. సాంబశివరావు మాత్రం పగలబడి నవ్వి, లోపలికి కేక పెట్టాడు. "అన్వితా, ఇలా రామ్మా. ఈ అవ్వ పళ్లు చూద్దువుగాని."

పిల్ల వచ్చింది. పై వరసలో నడిమి పన్ను ఒకటి ఊడి సందుంది. దాని పక్కది గోధుమరంగుకు తిరిగి అంచు అరిగిపోయింది. వెనకాలే బాలసరస్వతి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మొన్న పళ్ల డాక్టరు ఏమన్నాడు? భోజనం అయ్యాక పీచున్న కాయలు కొరుక్కుని తినమన్నాడా లేదా? నమిలే కొద్దీ పాచి రాలిపోతుంది, బ్రష్షుతో రుద్దినట్టే. ఇదిగో, కళ్లెదురుగా రుజువు."

"చాక్లెట్లు మాన్పించమని కూడా అన్నాడండీ" అంది బాలసరస్వతి.

"అది తర్వాత చూద్దాంలే. నువ్వు చెప్పమ్మా, ఎలా తినాలో."

పెద్దమ్మ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ముక్కలు గొయ్యొద్దు బిడ్డా. కాయకు కాయ ముందరి పండ్లతోని కొరకాలె. గీ దౌడకు పదిసార్లు, గా దౌడకు పదిసార్లు నములాలె. గింజలు నములొద్దు, మింగాలె."

"ఇరుక్కుంటాయి" అంది అన్విత.

"ఇరుకుతె నాలికె ఉన్నది గద. ఉత్తగ కూసుంటదా అది?" అని, తల ఎత్తి సారుతో అంది. "కాయ ఒక్కదానితోని గాదు సారు. పొద్దుగాల నేను యాప పుల్ల ఏస్త. అది లేంది ఇది లేదు."

"ఆఁ ఆఁ, అదీ ఉంటుందిలే." ఆయన అప్పటికే మనవరాలి వైపు తిరిగాడు. "ఈ రోజు నుంచి అన్నం తినగానే చెట్టు దగ్గరికి వెళ్లి ఒక కాయ తినేసి, వచ్చి నాకు పళ్లు చూపించాలి. పెద్ద కాయలు పండనీ, నీ కోసమే కాగితాలు చుట్టించాను."

పిల్ల తాత ఇచ్చిన కాయ అందుకుని ఒక కొరుకు కొరికి మొహం ముడుచుకుంది. పెద్దమ్మ ఆ మొహం చూసి నవ్వింది. ఇంట్లో మనవలు కూడా మొదట అట్లాగే ముడుచుకున్నారు. ఆమె తన కాయను గింజ మిగలకుండా, తొడిమె తప్ప ఏదీ పారేయకుండా తిని, మంచినీళ్లు తాగకుండా ఇంటిదారి పట్టింది.

మరునాడు ఆదివారం. ఎండ నెత్తికెక్కాక సద్దిగిన్నె పట్టుకుని వచ్చేసరికి గేటు లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఎల్లేశ్ గదిలో నుంచి వచ్చి, కమ్మీల సందు నుంచి చెయ్యి బయటకు చాపాడు.

"ఇటియ్యి అవ్వ."

"గడియ తీయి."

"లోపల చుట్టాలున్నరు. నువ్వు పో, గిన్నె నేను తెస్త."

గిన్నె పట్టదు ఆ సందులో. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి మూత తీసి రొట్టెలు విడిగా, లోపలి చిన్న కూర గిన్నె ఓరగా పంపించింది. పులుసు కొంచెం కమ్మీ మీద కారింది. ఎల్లేశ్ దాన్ని వేలితో తుడిచాడు గాని తలెత్తలేదు. లోపల వరండాలో సారు, మేడం తప్ప చుట్టాలెవరూ ఆమెకు కనపడలేదు. ఒక కారే ఉంది.

ఇంటికి నడుస్తూ ఆలోచించింది. ఏదో జరిగింది. జీతమా, మాటా, కొట్లాటా? పక్క తోట కావలి అనంతయ్యను కిందటి నెలే తీసేశారు. అల్లుడు వస్తే ఒక రాత్రి గదిలో పడుకోనిచ్చాడని. సాయంత్రం పిలిచి ఒక్క మాట అన్నారు, తెల్లారి ఆ గదిలో ఇంకొకడున్నాడు. పెద్దమ్మ ఇంటికి పోయి కోడలు నిర్మలను అడిగింది.

"నాకేం ఎరుక అత్తా" అంది నిర్మల క్యారట్లు కడిగే పని నుంచి వచ్చి ఒరిసిన వేళ్లకు నూనె రాసుకుంటూ. "నాకు చెప్తడా ఏమన్న? పొద్దున నుంచి మొహం గంటు పెట్టుకున్నడు."

సోమవారం సారు వాళ్లు లేరు. అయినా గేటు తీయలేదు. మంగళవారం నిర్మలతో సద్ది పంపమన్నాడు. తిన్న తరువాత కాయ లేక మూడు రోజులుగా పెద్దమ్మకు నోరు ఎవరిదో అయినట్టుంది. పళ్ల మీద నాలుక తిప్పితే జిగటగా తగిలింది. రోడ్డు మీద బండివాళ్ల దగ్గర కాయలున్నాయి, కొనుక్కోవచ్చు. తన చేత్తో అంట్లు నాటిన చెట్ల కాయలు గేటవతల ఉండగా కాయ కొనడానికి చెయ్యి రాలేదు.

బుధవారం తనే పోయింది. ఎల్లేశ్ వెనక బోరు మోటారు దగ్గర ఉన్నాడు, ట్రాక్టరు కోసం తీసిన గేటు ఒక రెక్క తెరిచే ఉంది. ఆమె లోపలికి నడిచి, చెట్ల కింద నిలబడింది. కాలవ పక్క చెట్టుకు కాగితాలు చిరిగి వేలాడుతున్నాయి. వంగి చూసింది.

"అవ్వా!" ఎల్లేశ్ పరుగున వచ్చాడు. "ఎందుకొచ్చినవు? వద్దంటి గద."

"ఏమాయెనో చెప్పు. చెప్పినంక పోత."

వాడు నేల చూశాడు. చెప్పు అంచుకు అంటిన బురదను రాయికి గీకుతూ చెప్పాడు. "ఆదివారం పొద్దున సారు చూసిండు. ఐదారు కాయలు చెట్టు మీదనే కొరికి ఇడిసిపెట్టి ఉన్నయి. కాగితాలు చింపి. మొక్కుబడికి ఒక్క కొరుకు, గంతే. మీ అమ్మనే అన్నడు. లోపలికి వచ్చేది ఆమె ఒక్కతే అన్నడు."

పెద్దమ్మకు ముందు అర్థం కాలేదు.

"కొరికి ఇడిసిపెట్టిన్నా? నేను?"

"సారు అన్నడు."

"ఒరేయ్, ఎంగిలి కాయ చెట్టుకు ఉంచుతనారా నేను? మీ నాయిన ఉన్నప్పుడు సుత, మీరు పోరగాండ్లుగ ఉన్నప్పుడు సుత, కొరికిన కాయ చెట్టు కింద కనపడితె ఆ పూట బువ్వ పెట్టిన్నా? చెట్టు ఎండుతదని చెప్పి చెంపలు వాయగొట్టలే?"

"ఎరుకే అవ్వ."

"దొంగ అననీ. పది కాయలు మూటగట్టుకొని పోయిందననీ, పడ్త. కొరికి పారేసిందంటె పడను."

ఆమె కాలవ వైపు పోయింది. చిరిగిన కాగితం కింద, మిగతావి తెంపేసిన ఎల్లేశ్ కంటపడకుండా మిగిలిన కాయ ఒకటి కొమ్మకే ఉంది. కొరికిన చోట నల్లబడి ముడుచుకుంది. ఆ కొమ్మ పెద్దమ్మ మోకాలి కంటే కొంచెం ఎత్తున ఉంది. ఆమె కింద కూర్చుని కాయను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. చిలక పొడిస్తే గుంట పడుతుంది, ఉడుత కొరికితే గీతలు పడతాయి. ఇది మనిషి కొరుకు. చిన్న నోరు. పళ్ల గుర్తులు వరసగా పడి, నడిమధ్య ఒకచోట తోలు అట్లాగే నిలిచి ఉంది. అక్కడ పన్ను లేదు.

"చూసినవా?"

ఎల్లేశ్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"గీ పొట్టి కొమ్మ కాడ నేను బోర్ల పండి కొరికిన్నా? నా నోట్ల సందున్నదా? పిల్లకు తెంపరాలే, అందినకాడ కొరికి పోయి తాతకు పండ్లు చూపించింది. రుచి లేకపాయె, ఇంకోటి కొరికింది. గది గంతే." ఆమెకు నవ్వు వచ్చింది కూడా. "శనివారం వస్త. గీ కాయ పక్కకు నేను ఇంకో కాయ కొరికి పెడ్త. సారు సదువుకున్నోడు, చూస్తె తెల్వదా?"

"వద్దు అవ్వ."

"ఎందుకొద్దు?"

"పసిపిల్ల మీద చెప్తమా? ఇడిసిపెట్టు."

"పిల్లను ఏమనొద్దంట. నేనే చెప్త, ఏమనొద్దని. పిల్లలన్నంక కొరుకుతరు."

వాడు ఇంకేదో అనబోయి మోటారు వైపు చూశాడు. నీళ్లు మడి దాటి పారుతున్నాయి. వాడు అటు పోయాడు. పెద్దమ్మ కొరికిన కాయను తెంపి కొంగున ముడివేసుకుంది.

శనివారం తెల్లవారకముందే లేచింది. వేప పుల్ల రెండుసార్లు మార్చి పళ్లు తోముకుంది. ఉతికిన చీర కట్టుకుంది. సారుకు చెప్పే మాటలు మనసులో వరస పెట్టుకుంటే, ఒక మాటకు ఇంకో మాట అడ్డం వచ్చింది. ముందు పిల్లను ఏమనొద్దు అనాలి. ఆ తరువాతనే కాయ చూపించాలి. లేకుంటే పిల్ల ఏడుస్తుంది, పిల్ల ఏడిస్తే ఎవరూ వినరు.

గేటు దగ్గర ఎల్లేశ్ పైపు పట్టుకుని గులాబీలకు నీళ్లు పెడుతున్నాడు. తల్లిని చూసి రెండడుగులు ఎదురొచ్చాడు. "అవ్వ, ఒక్క మాట" అన్నాడు. కాని వరండాలో నుంచి సాంబశివరావు అప్పటికే చూశాడు.

"రానీ రానీ. రావమ్మా. నేనే కబురు పెడదామనుకున్నాను."

పెద్దమ్మ మెట్ల దగ్గరికి వెళ్లింది. ఆయన మొహంలో కోపం లేదు. అది చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. కొంగు ముడి మీదికి చెయ్యి పోయింది.

"సారు, ఆ కాయల ముచ్చట..."

"ఇంకేం చెప్పనక్కర్లేదు. అయిపోయిందది. ఎల్లేశు ఆదివారమే ఒప్పుకున్నాడు. మా అమ్మే కొరికింది సార్, పెద్దది, మతిమరుపు, ఈసారికి క్షమించండి అని కాళ్ల మీద పడ్డాడు. నేనే లెమ్మన్నాను. నిజం చెప్పినవాణ్ణి నేనేమీ అనను."

పెద్దమ్మ చెయ్యి ముడి మీదే ఉంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎల్లేశ్ పైపు పట్టుకుని ఒకే మొక్క మొదట్లో నీళ్లు వదులుతున్నాడు. అక్కడ మన్ను కొట్టుకుపోయి గుంట పడుతోంది. పైపు జరపడం వాడికి గుర్తు లేదు. ఆదివారం ఒప్పుకున్నాడు. పులుసు కారిన కమ్మీని వేలితో తుడిచేటప్పటికే ఒప్పుకున్నాడు. బుధవారం కాయను అంతసేపు చూసినప్పుడు, తన తల్లి కొరకలేదని అప్పుడే తెలిసి చూడలేదు వాడు. తెలియనిది ఏముంది? ఒప్పుకున్న మాటను ఎట్లా వెనక్కి తీసుకోవాలో తెలియక చూశాడు.

బాలసరస్వతి కొంగు పట్టుకుని అన్విత నిలబడి ఉంది. పెదాలు గట్టిగా మూసుకుంది. కళ్లు మాత్రం పెద్దమ్మ కొంగు ముడి మీద ఉన్నాయి.

"మరి నువ్వేమంటావమ్మా?" అన్నాడు సాంబశివరావు. "నీ నోటితో ఒక మాట అనేస్తే నాకూ మనసులో ఏమీ ఉండదు."

ముడి విప్పడం ఎంతసేపు? విప్పితే ఎల్లేశ్ అబద్ధం ఆడినవాడవుతాడు. అబద్ధం ఆడిన కావలివాణ్ణి ఉంచుకునే తోట ఈ రోడ్డు మీద లేదు.

"నేనే సారు" అంది పెద్దమ్మ. "కొరికిన."

"అంతే. ఒప్పుకుంటే సగం తప్పు పోయినట్టే." ఆయన సంతోషంగా మనవరాలి వైపు వంగాడు. "తెలిసిందా అన్వితా, తప్పు చేస్తే ఇలా ధైర్యంగా చెప్పాలి. అవ్వ అయినా సరే." మళ్లీ పెద్దమ్మతో అన్నాడు. "తోటలోకి మాత్రం ఇక రావద్దు. ఏమీ అనుకోకు. కాయలు ఎల్లేశుతో ఇప్పిస్తాను, ఇంట్లో కూర్చుని తిను."

"పాపం, ఊరుకోండి" అంది బాలసరస్వతి.

"అయినా పళ్లంటే ఈవిడవే పళ్లు. మా పిల్ల మళ్లీ మొరాయిస్తోంది, కాయ వద్దంటుంది. నోరు తెరిచి ఒకసారి చూపించమ్మా. బాగా తెరువు."

పెద్దమ్మ నోరు తెరిచింది.

పొద్దుటి ఎండ ఏటవాలుగా వరండా మెట్ల మీద పడుతోంది. సాంబశివరావు కళ్లజోడు సవరించుకుని, వేలితో గాలిలో ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాడు. "చూడు. పై వరస చూడు. ఒక్కటి పోలేదు. ఎక్కడన్నా సందుందా? వేలు పట్టే సందన్నా ఉందా?"

"లేదు" అంది అన్విత. వినపడీ వినపడనట్టు అంది. పిల్ల నాలుక పై వరస నడుమ ఊడిన పన్ను చోటికి పోయి అక్కడ ఆగింది. తరువాత నాయనమ్మ చీర చాటుకు జరిగింది.

"మరి? రోజుకొక కాయ. అందుకే అలా ఉన్నాయి. చాలమ్మా, మూసెయ్యి."

పెద్దమ్మ నోరు మూసింది. దవడలు నొప్పి పెట్టాయి. బాలసరస్వతి లోపలికి పోయి పలచటి ప్లాస్టిక్ కవరులో నాలుగైదు కాయలు వేసి తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ రెండు చేతులా అందుకుంది. అందుకుని గేటు వైపు నడిచింది. నడుస్తుంటే కవరు మోకాలికి కొట్టుకుంటోంది.

ఎల్లేశ్ పైపు పడేసి వెనకాలే వచ్చాడు. గేటు బయట, రోడ్డు వారన ఆమె ఆగింది. కొంగు ముడి విప్పి, ఎండిన కాయను తీసి, కవరులో మిగతా కాయల మీద పెట్టి కవరు వాడి చేతికిచ్చింది.

"అవ్వ, కొలువు పోతదని... అనంతయ్యను చూస్తివి గద. పిల్లల ఫీజులున్నయి. ఏం సెయ్యాల్నో తెల్వక నోట్లకెళ్లి అట్ల ఒచ్చింది."

"ఎరుకే."

"నీకు చెప్దామనే అనుకున్న. బుధారం చెప్దామనుకున్న."

"నన్ను ముందుగాల అడిగితె నేనే పోయి ఒప్పుకుందునురా" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నీ కోసరం గంత మాట అననా? ఒక్క మాట అడుగుతె అయిపోవు. సారు ముంగట నిలబడి, మా అవ్వ దొంగ అని నీ అంతట నువ్వే చెప్తివి. నాకు ఆయన చెప్తె తెలిసె."

మొయినాబాద్ వైపు నుంచి, రోజూ ఆ రోడ్డున తిరిగే బాల్‌రాజ్ షేర్ ఆటో వస్తోంది. పెద్దమ్మ చెయ్యెత్తింది.

"ఏడికి?" అన్నాడు ఎల్లేశ్.

"ముడిమ్యాలకు. రమ కాడికి పోత." ముడిమ్యాల కూతురు అత్తగారి ఊరు.

"బట్టలన్న తెచ్చుకోక..."

"బిడ్డ కాడ చీరలు లేవా? నిర్మలకు చెప్పు, సద్ది ఆమెనే తెస్తదిగ."

"ఎప్పుడొస్తవు మల్ల?"

ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో టమాటా బుట్టలతో ఇద్దరాడవాళ్లు జరిగి చోటిచ్చారు. పెద్దమ్మ కమ్మీ పట్టుకుని ఎక్కి కూర్చుంది. అడుగున్నర దూరంలో ఎల్లేశ్ నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి దవాఖానకు తీసుకుపోతే సూది పొడిచేటప్పుడు ఎట్లా నిలబడ్డాడో, అట్లాగే నిలబడ్డాడు. ఆమెకు చెయ్యి చాపి వాడి తల ముట్టాలనిపించింది. చెయ్యి ఒళ్లోనే పెట్టుకుంది.

"ఎల్లేశూ!" లోపలి నుంచి సాంబశివరావు గొంతు. "పైపు అలా వదిలేశావేమయ్యా, మొక్క కొట్టుకుపోతోంది!"

ఎల్లేశ్ ఒకసారి ఆటోను చూశాడు, ఒకసారి గేటును చూశాడు. "వస్తున్న సార్" అన్నాడు. కవరు పట్టుకుని పరుగెత్తాడు.

బాల్‌రాజ్ ఇంకా కదల్లేదు. ఒక మనిషికి చోటుంది. చేవెళ్ల దాకా నిండకుండా పోతే వాడికి గిట్టదు. అద్దంలో పెద్దమ్మను చూసి అడిగాడు.

"ఇంకెవలన్న వచ్చేదున్నదా పెద్దమ్మ? ఆగుమంటవా జర?"

గేటు దగ్గర ఎవరూ లేరు.

"ఎవలు రారు" అంది పెద్దమ్మ. "పోనియ్యి."